హ్యాండిల్ మారిస్తే వైర్ల లెక్క మారుతుంది

ఆదివారం తెల్లవారిందంటే హైదరాబాద్–బీజాపూర్ రోడ్డు మీద పాత బండ్ల చప్పుడు మొదలవుతుంది. అప్పా జంక్షన్ దాటాక అజీజ్‌నగర్, మొయినాబాద్, చేవెళ్ల, మన్నెగూడ, ఆ తర్వాత వికారాబాద్, అనంతగిరి గుట్టలు. బుల్లెట్లు, జావాలు, యెజ్డీలు, ఆర్‌ఎక్స్ 100లు గుంపులు గుంపులుగా ఈ దారి పడతాయి. రోడ్డుకు రెండు వైపులా 900కు పైగా మర్రిచెట్లు ఉన్న దారి ఇది. విస్తరణలో వాటిని కొట్టేయకుండా ఆపడానికి ప్రకృతి ప్రేమికులు జాతీయ హరిత ట్రిబ్యునల్ దాకా వెళ్లారు. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జలాశయాలను కాపాడేందుకు 1996లో వచ్చిన 111 జీవో 84 గ్రామాల్లో పరిశ్రమలకు, పెద్ద కట్టడాలకు అడ్డుకట్ట వేసింది. నగరానికి ఇంత దగ్గరగా ఇంకా పొలాలు, పూలతోటలు కనిపిస్తున్నాయంటే అదీ ఒక కారణం. పాత బండిని తీరిగ్గా నడుపుకోవాలనుకునేవాళ్లకు ఇంతకన్నా ఏం కావాలి?

మొయినాబాద్‌లో చాయ్ కోసం ఆగిన బండ్లను ఒక్కసారి పరకాయించి చూస్తే ఒక సంగతి తెలుస్తుంది. చాలా బండ్లకు కంపెనీ ఇచ్చిన హ్యాండిల్ లేదు. ఒక బుల్లెట్‌కు భుజాల ఎత్తు దాకా లేచిన హ్యాండిల్, ఇంకో ఆర్‌ఎక్స్ 100కు టాంకీ మీదికి వంగిపోయేంత కిందికి దించిన హ్యాండిల్. కొన్నిటికి మాత్రం ఎక్కడో వెతికి తెచ్చిన అసలు ఆకారం.

మార్చడానికి కారణాలు రకరకాలు. నలభై ఏళ్ల కింద కొన్న బండిని ఇప్పుడు అరవై దాటిన మనిషి నడుపుతుంటే నడుము ఒప్పుకోదు, హ్యాండిల్ కాస్త ఎత్తుగా, ఒంటి వైపు ఉంటే బాగుండుననిపిస్తుంది. తండ్రి బండిని బాగు చేయించుకునే కుర్రవాడికి తుప్పు పట్టి, ఎప్పుడో పడిపోయి వంగిన హ్యాండిల్ స్థానంలో కొత్తది కావాలి. కొందరికి రూపమే ముఖ్యం. ఏ కారణమైనా తప్పు పట్టాల్సింది లేదు. హ్యాండిల్ కొనేటప్పుడు దాని వంపు, ఎత్తు, క్రోమ్ మెరుపు చూస్తారు తప్ప వైర్ల గురించి ఆలోచించరు. రాణీగంజ్‌లోనో, కోఠి పక్క పుత్లీబౌలిలోనో హ్యాండిల్ కొనుక్కొచ్చి షెడ్డులో బిగించాక గానీ అసలు పని బయటపడదు. క్లచ్ వైరు అందదు. ఎక్స్‌లేటర్ వైరు అందినట్టే ఉంటుంది, హ్యాండిల్ ఒక పక్కకు తిప్పితే బిగుసుకుపోతుంది. ముందు బ్రేకు వైరును ఎలాగోలా లాగి తగిలిస్తారు. "నడుస్తుందిలే అన్నా" అనుకుని బండి బయటికి తీస్తారు.

అలా నడపకూడదు. హ్యాండిల్ చేతులు ఆనించుకునే చోటు మాత్రమే. బండి పరుగు, ఆగడం, గేరు పడటం అన్నీ దాని మీంచి కిందికి దిగే మూడు నాలుగు వైర్ల చేతుల్లో ఉన్నాయి. హ్యాండిల్ రెండంగుళాలు జరిగితే ఆ వైర్ల లెక్కంతా మొదటికొస్తుంది.

ఆ వైరు ఎలా పని చేస్తుందో తెలిస్తే మిగతాది సులువు. పైకి కనిపించే నల్లటి గొట్టాన్ని షెడ్డుల్లో అవుటర్ అంటారు. చూడటానికి ప్లాస్టిక్ గొట్టంలా ఉంటుంది గానీ లోపల ఉన్నది స్ప్రింగులా దగ్గరదగ్గరగా చుట్టిన ఉక్కు. దాని మధ్యలోంచి పోయేది సన్నని పోగులతో పేనిన ఉక్కు తీగ, అదే ఇన్నర్. లివర్ నొక్కగానే ఇన్నర్ లాగుతుంది. అంతే బలం అవుటర్‌ను రెండు చివరల నుంచీ లోపలికి నొక్కుతుంది. అవుటర్ ఆ నొక్కుడును తట్టుకుని పొడవు మారకుండా నిలబడుతుంది కాబట్టే, వైరు ఎన్ని వంపులు తిరిగినా లివర్ దగ్గర లాగిన లాగుడు క్లచ్ దగ్గరికి చేరుతుంది. ఈ ఏర్పాటుకు 1896లో ఎర్నెస్ట్ మోనింగ్టన్ బౌడెన్ అనే ఆయన బ్రిటన్‌లో పేటెంట్ తీసుకున్నాడు. ర్యాలీ సైకిళ్ల కంపెనీ స్థాపకుడు ఫ్రాంక్ బౌడెన్ వేరే మనిషి, ఇంటిపేరు ఒకటే కావడంతో చాలామంది ఇద్దరినీ ఒకరనుకుంటారు. నూట ముప్పై ఏళ్లు కావస్తున్నా సైకిల్ బ్రేకు దగ్గర్నుంచి బుల్లెట్ క్లచ్ దాకా ఆ సూత్రమే నడుస్తోంది.

ఇందులో గుర్తుంచుకోవాల్సిన లెక్క ఒక్కటే ఉంది. ఇన్నర్ పొడవులోంచి అవుటర్ పొడవు తీసేస్తే మిగిలేది బయట కనిపించే తీగ. హ్యాండిల్ ఏదైనా ఆ తేడా మారకూడదు. లెక్క కోసం పాత క్లచ్ వైరులో అవుటర్ 1000 మిల్లీమీటర్లు, ఇన్నర్ 1120 అనుకుందాం. తేడా 120. కొత్త హ్యాండిల్‌కు అవుటర్ 110 మిల్లీమీటర్లు పెంచి 1110 చేస్తే, ఇన్నర్ 1230 ఉండాలి. అవుటర్ పెంచి ఇన్నర్‌ను 1220 దగ్గరే ఆపేస్తే ఆ పది మిల్లీమీటర్లు క్లచ్‌ను కొద్దిగా నొక్కి పట్టే ఉంచుతాయి. చెయ్యి లివర్ మీద లేకపోయినా క్లచ్ పూర్తిగా అతుక్కోదు, ప్లేట్లు జారుతూ వేడెక్కి కాలిపోతాయి. ఇన్నర్ ఎక్కువైతే దీనికి ఎదురు. లివర్ గ్రిప్పును తాకేదాకా నొక్కినా క్లచ్ విడదు, గేరు కటకటమంటూ పడుతుంది. అడ్జస్టర్ తిప్పి సరిచేయొచ్చనుకుంటారు గానీ అడ్జస్టర్ ఉన్నది వైరు కాలక్రమంలో సాగితే సర్దుకోవడానికి. కొలత తప్పు కప్పిపుచ్చడానికే దాన్ని చివరిదాకా వాడేస్తే రేపు సాగినప్పుడు తిప్పడానికి చోటు మిగలదు.

హ్యాండిల్ వంద మిల్లీమీటర్లు పైకి లేచి, యాభై వెనక్కి వచ్చిందంటే వైరు ఎంత పెరగాలి? నూట యాభై అని కొందరంటారు, వంద చాలంటారు ఇంకొందరు. సూటి దూరం లెక్కగడితే 112 దగ్గర తేలుతుంది. అయితే వైరు సూటిగా పోదు. హెడ్‌లైట్ పక్కనుంచి తిరిగి, ఫోర్కు దాటి, టాంకీ కింద దూరి ఇంజిన్‌కు చేరుతుంది. అందుకే తెలిసిన మెకానిక్ టేపు కన్నా ముందు పురికొస తీస్తాడు. కొత్త హ్యాండిల్ బిగించి, లివర్లు, గ్రిప్పులు వాటి చోట్లలో పెట్టి, వైరు పోవాల్సిన దారంతా పురికొస పరుస్తాడు. హ్యాండిల్‌ను ఎడమకు చివరిదాకా, కుడికి చివరిదాకా తిప్పి, ఏ వైపు ఎక్కువ పొడవు అడుగుతుందో చూసి అక్కడ ముడి వేస్తాడు. అది అవుటర్ కొలత. దానికి పాత వైరులోని తేడా కలిపితే ఇన్నర్ కొలత వస్తుంది. కొలత పూర్తయ్యేదాకా పాత వైరును పారేయకూడదు.

ఏ బండికి ఎన్ని వైర్లన్నది కూడా ముందే చూసుకోవాలి. పాత బుల్లెట్‌లో హ్యాండిల్ మీదికి వచ్చేవి ఎక్స్‌లేటర్, క్లచ్, ముందు బ్రేకు వైర్లు, వాటితోపాటు ఎడమ చేతి దగ్గర చిన్న లివర్‌తో డీకంప్రెషన్ వైరు. కిక్కు కొట్టే ముందు సిలిండర్లో బిగబట్టిన గాలిని వదిలేది అదే. చాలామంది దాన్ని మరిచిపోయి మిగతా మూడింటికే కొత్త వైర్లు తెచ్చుకుంటారు. మీటర్ వైరు మాత్రం హ్యాండిల్‌కు కాక హెడ్‌లైట్ డూమ్‌కు పోతుంది, దాన్ని ముట్టుకోనక్కర్లేదు. మైసూరులో ఐడియల్ జావా కంపెనీ 1961 నుంచి తయారుచేసిన జావాలు, 1973 నుంచి అదే కంపెనీ వదిలిన యెజ్డీలు ఈ విషయంలో కాస్త నయం. వాటిలో చాలావాటికి పెట్రోల్లోనే ఆయిల్ కలిపి పోస్తారు కాబట్టి ఆయిల్ పంపు వైరు గొడవ లేదు. పైగా గేరు లివర్‌ను కదిపితే క్లచ్ దానంతటదే విడిపోయే ఏర్పాటు ఉంది. అందుకే క్లచ్ వైరు తెగినా జావా నడుపుకుంటూ ఇంటికి చేరినవాళ్లు ఉన్నారు. ఎస్కార్ట్స్ కంపెనీ పోలండ్ నమూనాతో తెచ్చిన రాజ్‌దూత్ 175 కూడా అలాంటి మోటు బండే. పాల క్యాన్లు కట్టుకుని పల్లె రోడ్ల మీద ఏళ్ల తరబడి తిరిగిన బండి.

యమహా ఆర్‌ఎక్స్ 100 దగ్గరే అసలు జాగ్రత్త కావాలి. 98 సీసీ, 11 హార్స్‌పవర్. 1985లో వచ్చి 1996లో ఆగిపోయింది. ఈ రోజుకీ ఈ బండి కోసం కుర్రవాళ్లు ఎగబడుతున్నారు, అందువల్లే ఎక్కువగా హ్యాండిల్ మార్చేదీ దీనికే. ఇది టూ స్ట్రోక్ బండి. ఆయిల్‌కు వేరే డబ్బా ఉంటుంది, పంపు దాన్ని కొలిచి ఇంజిన్‌కు పోస్తుంది. గ్రిప్పు నుంచి బయల్దేరిన ఎక్స్‌లేటర్ వైరు టాంకీ కింద ఒక చిన్న డబ్బీలో రెండుగా చీలుతుంది. ఒక పాయ కార్బురేటర్‌కు, రెండోది ఆయిల్ పంపుకు. గ్రిప్పు ఎంత తిప్పితే కార్బురేటర్ అంత తెరుచుకుంటుంది, పంపు కూడా దానికి తగినంత ఆయిల్ వదులుతుంది. ఈ రెండు పాయలూ ఒకే తాళంలో నడవాలి. ఎత్తు హ్యాండిల్‌కు పొడవు వైరు వేశాక ఇంజిన్ స్లోలో బాగానే ఆడుతుంది, లాగుడు కూడా బాగానే ఉంటుంది. అయితే పంపు వైపు పాయ రెండు మిల్లీమీటర్లు వదులుగా ఉందనుకోండి, ఆ తేడా చెవికి వినిపించదు, కంటికి కనిపించదు. చేవెళ్ల దాటాక ఖాళీ రోడ్డు చూసి పూర్తిగా తిప్పినప్పుడు పెట్రోల్ నిండుగా వస్తుంది, ఆయిల్ తక్కువగా వస్తుంది. పిస్టన్ వేడెక్కి సిలిండర్‌కు పట్టేస్తుంది, వెనక చక్రం ఒక్కసారిగా ఆగిపోతుంది. అందుకే ఆర్‌ఎక్స్‌లో హ్యాండిల్ మార్చాక పంపు మూత విప్పి, పంపు మీది గుర్తు కంపెనీ మాన్యువల్ చెప్పిన చోటికి వస్తుందో లేదో చూడటం తప్పనిసరి. అదే కంపెనీ సాంకేతిక సాయంతో ఎస్కార్ట్స్ 1983 నుంచి తయారుచేసిన రాజ్‌దూత్ 350లో రెండు కార్బురేటర్లు. అంటే ఒక గ్రిప్పు కింద మూడు పాయలు. రెండు కార్బురేటర్లు సమంగా తెరుచుకోకపోతే రెండు సిలిండర్లూ ఒకదానితో ఒకటి పోట్లాడుకుంటాయి.

వైరు తయారీలో కంటితో చూసి నేర్చుకోవాల్సిన పని నిప్పిల్ అతకడం. ఇత్తడి నిప్పిల్ అంటే వైరు చివర లివర్‌లో కూర్చునే గుండు ముక్క. కొలతకు వైరు చేసిపెట్టే పనివాళ్లు ఇంకా ఉన్నారు. వాళ్ల పని చూస్తే తెలుస్తుంది, తొందరపడితే ఇది కుదరదని. కోసే ముందు తీగను కోయబోయే చోట టంకంతో తడిపి గట్టిపరుస్తారు, లేకపోతే కోయగానే పోగులు విడిపోయి అవుటర్‌లో దూరవు. అవుటర్‌ను, దాని టోపీలను ముందే ఎక్కించుకోవాలి. ఇది మరిచిపోయి రెండు నిప్పిళ్లూ అతికిస్తే మళ్లీ మొదలుపెట్టాల్సిందే. తర్వాత తీగను నిప్పిల్‌లోకి దూర్చి, చివరి రెండు మూడు మిల్లీమీటర్ల పోగులను విప్పి పువ్వులా పరుస్తారు. నిప్పిల్ పైభాగంలోని గుంటలో ఆ పువ్వు కూర్చుంటుంది. తీగకున్న నూనెను పెట్రోల్‌తో కడిగి, సోల్డర్ పేస్టు రాసి, కరిగించిన టంకంలో ముంచుతారు. టంకం పోగుల మధ్యకు పీల్చుకుపోవాలి, పైన ముద్దగా నిలిస్తే అతుకు పడనట్టే. మంట ఎక్కువ తగిలితే తీగలోని ఉక్కు మెత్తబడి, నిప్పిల్ పక్కనే కొన్ని రోజుల్లో పోగులు తెగడం మొదలవుతుంది. నిప్పిల్‌ను లాగి పట్టుకునేది టంకం ఒక్కటే కాదు, లోపల పరిచిన ఆ పోగుల పువ్వు కూడా. పువ్వు చేయకుండా తీగను సూటిగా దూర్చి టంకం పోసిన వైరు చూడటానికి ఒకేలా ఉంటుంది. ముందు బ్రేకు గట్టిగా పట్టిన రోజు జారి వచ్చేస్తుంది. బండి మీద ఉన్న ప్రాణం ఆ గింజంత ఇత్తడి ముక్కకు వేలాడుతోందని తెలిసినవాడు అతుకును పది రకాలుగా లాగి చూశాకే అప్పగిస్తాడు.

వైరు పొడవు కుదిరాక దాని దారి కుదరాలి. గుంజకు తాడు రెండు చుట్లు తిప్పి పట్టుకుంటే ఎద్దు లాగినా తాడు కదలదు. వైరు ప్రతి వంపు దగ్గరా అదే జరుగుతుంది. ఇన్నర్ అవుటర్ గోడకు రాసుకుంటుంది, రాపిడి వంపుల మొత్తం కోణంతో పాటు పెరుగుతుంది. రాపిడి గుణకం 0.1 అనుకుని లెక్క కడితే, మొత్తం 90 డిగ్రీలు తిరిగిన వైరుకు అవతలి చివర కావలసిన బలం కన్నా 17 శాతం ఎక్కువ లాగాలి. 180 డిగ్రీలకు 37 శాతం, 270 డిగ్రీలకు 60 శాతం. అంటే పొడవు ఎక్కువై హెడ్‌లైట్ ముందు ఒక వృథా చుట్టు తిరిగిన వైరు ఆ చుట్టు ఖరీదును ప్రతి గేరుకూ వేళ్ల దగ్గర వసూలు చేస్తుంది. మెహదీపట్నం ట్రాఫిక్‌లో క్లచ్ పట్టీ పట్టీ మణికట్టు నొప్పి పుడితే బండి వయసును తిడతారు. చాలాసార్లు తప్పు వైరు తిరిగిన దారిది. పొడవు వైరుకు ఇంకో లోపం కూడా ఉంది. ఎంత గట్టి అవుటరైనా కొద్దిగా నొక్కుకుంటుంది, ఎంత మంచి తీగైనా కొద్దిగా సాగుతుంది. పొడవు పెరిగిన కొద్దీ ఆ రెండూ పెరుగుతాయి, ముందు డ్రమ్ బ్రేకు మెత్తబడిపోతుంది. కాబట్టి వైరు కావలసినంతే ఉండాలి, 'ఉంటే మంచిదే' అని అంగుళం కలపకూడదు.

లివర్లను కూడా ఈ లెక్కలో చేర్చాలి. కొత్త హ్యాండిల్‌తో పాటు అందమైన లివర్లు కొనేవాళ్లు లివర్ తిరిగే పిన్నుకు, నిప్పిల్ కూర్చునే రంధ్రానికి మధ్య దూరం చూడరు. పాత బ్రిటిష్ బండ్ల లివర్లు ఈ దూరంలో రెండు రకాలు: 22 మిల్లీమీటర్ల దగ్గర ఒకటి, 27 దగ్గర ఒకటి. దూరం ఎక్కువైతే అంతే నొక్కుడుకు వైరు ఎక్కువ కదులుతుంది గానీ చేతికి బరువు పెరుగుతుంది. తక్కువైతే నొక్కుడు తేలిక, కానీ క్లచ్ పూర్తిగా విడదు. కింద డ్రమ్ దగ్గర, బ్రేకు షూలు డ్రమ్‌ను తాకే క్షణంలో బ్రేకు చేతికి, వైరుకు మధ్య కోణం తొంభై డిగ్రీలకు దగ్గరగా ఉంటే బ్రేకు బాగా పట్టుతుంది. హ్యాండిల్ పేరుతో వైరు మార్చిన రోజే ఈ కోణం కూడా చూసుకోవాలి.

హ్యాండిల్ బిగింపు చిన్న పనే, అయినా ఒక మాట. చాలా బండ్లకు గ్రిప్పులు కూర్చునే చోట హ్యాండిల్ గొట్టం వ్యాసం 22 మిల్లీమీటర్లు, అంటే అంగుళంలో ఎనిమిదింట ఏడు వంతులు. మధ్యలో క్లాంపు పట్టే చోట కొన్నిటికి అంతకన్నా లావు. సన్నపు హ్యాండిల్‌ను లావు క్లాంపులో రేకు ముక్క చుట్టి బిగించడం మంచిది కాదు. గుంతలో పడినప్పుడు హ్యాండిల్ ముందుకో వెనక్కో తిరిగిపోతుంది. దానికి సరిపోయే బుష్ వేయాలి. స్విచ్చు వైర్లు లోపలి నుంచి పోవాలని క్రోమ్ హ్యాండిల్‌కు బెజ్జాలు వేయించడం కూడా వద్దు. హ్యాండిల్ విరిగిందంటే ఆ బెజ్జం దగ్గరే విరుగుతుంది.

ఇప్పుడు పరీక్ష. బండిని మెయిన్ స్టాండు మీద నిలబెట్టి, ఇంజిన్ వేడెక్కాక స్లోలో వదిలి, హ్యాండిల్‌ను ఎడమకు చివరిదాకా, తర్వాత కుడికి చివరిదాకా మెల్లగా తిప్పాలి. ఏ వైపు తిప్పినా ఇంజిన్ చప్పుడు మారకూడదు. ఒక వైపు రేజ్ అయితే ఎక్స్‌లేటర్ వైరు పొట్టిదైనా అయి ఉండాలి, దారిలో ఎక్కడో ఇరుక్కునైనా ఉండాలి. ఆ బండితో రోడ్డెక్కి యూ టర్న్ తీసుకుంటే మలుపు మధ్యలో బండి దానంతటదే ముందుకు దూకుతుంది. ఇదే పరీక్ష క్లచ్ లివర్ మీద, బ్రేకు లివర్ మీద చేయాలి. ఎటు తిప్పినా లివర్ మొదట్లో రెండు మూడు మిల్లీమీటర్ల వదులు నిలిచి ఉండాలి. గ్రిప్పు వదిలితే టక్కుమని వెనక్కి రావాలి, తిప్పిన హ్యాండిల్‌తో కూడా. ఈ పరీక్షకు ఐదు నిమిషాలు కూడా పట్టదు. 2025 నవంబర్ 3న ఇదే బీజాపూర్ రోడ్డు మీద, చేవెళ్ల మండలం మీర్జాగూడ దగ్గర ఆర్టీసీ బస్సును కంకర టిప్పర్ ఢీకొని 19 మంది చనిపోయారు. టిప్పర్లు, బస్సులు, పాల వ్యాన్లు, కూరగాయల ఆటోలు కలిసి పోయే దారిలో ఎదుటివాడి తప్పు మన చేతిలో ఉండదు. మన బండి బ్రేకు, గ్రిప్పు మాత్రం మన చేతిలో ఉంటాయి, వాటిలో సందేహం ఉండకూడదు.

ఎత్తు హ్యాండిల్ కష్టాలే ఇన్ని అయితే కింది హ్యాండిల్‌కు ఏమీ ఉండవనుకోవద్దు. లండన్‌లోని ఏస్ కేఫ్ దగ్గర 1960ల్లో కుర్రవాళ్లు మొదలుపెట్టిన కేఫ్ రేసర్ మోజులో హ్యాండిల్ ఫోర్కుకే బిగించే క్లిప్ ఆన్లు ప్రసిద్ధి. రాయల్ ఎన్‌ఫీల్డ్ 1964లో కాంటినెంటల్ జీటీ 250ని ఆ రూపంలో ఫ్యాక్టరీ నుంచే విడుదల చేసింది. కంపెనీ చేసిన ఆ బండిలో వైర్లు, టాంకీ, కాలి పెడల్స్ అన్నీ ఆ కూర్చోబడికి తగ్గట్టు పెట్టినవే. మామూలు ఆర్‌ఎక్స్‌కో, బుల్లెట్‌కో క్లిప్ ఆన్లు వేస్తే పాత వైర్లు పొడవైపోతాయి. అవి హెడ్‌లైట్ ముందు బయటికి పొడుచుకొచ్చి వంగుతాయి, లేదా ఫోర్కు ఆగే దిమ్మెకూ ఫ్రేముకూ మధ్య నలుగుతాయి. హ్యాండిల్ పూర్తిగా తిప్పితే లివర్‌కు, టాంకీకి మధ్య బొటనవేలు నలుగుతుంది. వైరు పొట్టి చేయడం పొడవు చేయడం కన్నా తేలిక, ఉన్న వైరునే కోసి కొత్త నిప్పిల్ వేయొచ్చు. కాబట్టి బద్ధకించడానికి కారణం లేదు.

చట్టం సంగతి తెలియకుండా డబ్బు పెట్టకూడదు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలు తయారీదారు ఇచ్చిన వివరాలకు భిన్నమయ్యేలా బండిని మార్చరాదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఇదే మాటను గట్టిగా చెప్పింది. అదే ఏడాది వచ్చిన సవరణతో, అనుమతి లేని మార్పు ఒక్కోదానికి ఐదు వేల రూపాయల జరిమానా, ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ పడొచ్చు. హ్యాండిల్‌కు పత్రంలో ప్రత్యేకంగా గడి లేదు నిజమే. అయినా మనిషి తల దాటిపోయే హ్యాండిల్‌తో రోడ్డెక్కి అధికారితో వాదించడం కన్నా, కంపెనీ కొలతలకు దగ్గరగా ఉన్నదాన్ని ఎంచుకోవడం మేలు.

యాభై ఏళ్లు దాటిన బండి ఉన్నవాళ్లు ఇంకా ఆలోచించాలి. కేంద్ర రవాణా శాఖ 2021 జులైలో తెచ్చిన నిబంధనల ప్రకారం మొదటి రిజిస్ట్రేషన్ నుంచి యాభై ఏళ్లు దాటి, అసలు రూపంలో కాపాడుకున్న ద్విచక్ర, నాలుగు చక్రాల వాహనాలకు వింటేజ్ గుర్తింపు వస్తుంది. నంబరులో 'వీఏ' అక్షరాలుండే ప్రత్యేక రిజిస్ట్రేషన్ పదేళ్లు చెల్లుతుంది. కొత్తగా చేయించుకోవడానికి రుసుము ఇరవై వేలు, పునరుద్ధరణకు ఐదు వేలు. ఆ గుర్తింపు తీసుకున్న బండిని రోజువారీ అవసరాలకు నడపరాదు, ప్రదర్శనలకు, ర్యాలీలకు, మరమ్మతులకు, పెట్రోల్ పోయించుకోవడానికి మాత్రమే తీయాలి. 1960ల జావాకో, తొలి బుల్లెట్లకో ఈ దారి తెరుచుకుని ఉంది. అలాంటి బండికి మార్కెట్లో దొరికిన హ్యాండిల్ వేసి అసలుదాన్ని పాత ఇనుము సామానువాడికి తూకానికి ఇచ్చేయడం చూస్తే గుండె తరుక్కుపోతుంది. పాత వాహనాల ప్రపంచ సంఘం ఫీవా ముప్పై ఏళ్లు నిండిన వాహనాన్ని చారిత్రక వాహనంగా లెక్కిస్తుంది. ఆ లెక్కన చివరి ఆర్‌ఎక్స్ 100లకు కూడా 2026తో ఆ వయసు వచ్చేస్తుంది. ఆ సంఘం ఒప్పుకున్న ట్యూరిన్ పత్రం చెప్పేదాని సారం ఇది: మార్పు తప్పనిసరైతే, మళ్లీ పూర్వ రూపానికి తేగలిగేలా చేయాలి. హ్యాండిల్ విషయంలో ఇది పెద్ద పని కాదు. అసలు హ్యాండిల్, దాని లివర్లు, పాత వైర్లు నూనె రాసి, గోనెపట్టాలో చుట్టి, అటక మీద పెడితే సరిపోతుంది. పక్కన ఒక చీటీ మీద ఏ వైరు కొలత ఎంతో రాసి పెట్టాలి.

కొత్త వైర్లు వేసిన బండి మొదటి నూరు, నూట యాభై కిలోమీటర్లలో కాస్త వదులవుతుంది. అవుటర్ తన చోట్లలో కూర్చోవడం, పోగులు సర్దుకోవడం వల్ల అలా జరుగుతుంది. అనంతగిరి దాకా ఒకసారి వెళ్లొచ్చాక అడ్జస్టర్లు మళ్లీ చూసుకోవాలి, అప్పటికి అవి మధ్యలోనే ఉండాలి. లోపల నైలాన్ గొట్టం ఉన్న వైరుకు నూనె అవసరం పెద్దగా ఉండదు, గ్రీజు పెడితే బిగుసుకునే ప్రమాదం కూడా ఉంది. నైలాన్ లేని పాత రకానికి మాత్రం పై చివర కాగితపు గరాటా కట్టి, పలుచని నూనె పోసి, రాత్రంతా వేలాడదీస్తే కింది చివర నుంచి నల్లగా దుమ్ముతో సహా కారుతుంది. చేవెళ్ల రోడ్డు విస్తరణ పనుల దుమ్ము, వానాకాలపు బురద తగిలే బండికి ఇది ఏడాదికి రెండుసార్లు, వానలకు ముందొకసారి, వెనకొకసారి చేయాలి.